సావిన్ కొరివి

అమ్మకి తెలుగు మరీ బాగా రావడం వల్ల జరిగిన పొరపాటు ఇది. ఇంగ్లీషు రాక చేసిన పొరపాట్లు ఆవిడకి వేరే బోలెడున్నాయి, అవి తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఇది తలుచుకుంటే రాదు. మా ఇంటి ఓనరు మోయ్‌రా ఒకరోజు మధ్యాహ్నం కంచె మీదుగా తొంగిచూసి, "శనివారం సాయంత్రం సావిన్. మీరిద్దరూ తప్పకుండా రావాలి" అంది ఇంగ్లీషులో. తాడు మీద దుప్పట్లు ఆరేస్తున్న అమ్మ చేతిలోంచి క్లిప్పుల డబ్బా జారి గడ్డిలో పడింది. అమ్మది పల్నాడు. వాళ్ళ ఊళ్ళో చావుని చావనరు, సావంటారు. నాన్న పోయి అప్పటికి నెలన్నర. "ఏందే, ఈమెకి మన మాట ఎట్టా తెలిసింది? శనారం సావంటదేందే?" అని నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. నాకు పదమూడేళ్ళు.

కిందటి నెల మోయ్‌రా చనిపోయింది. తొంభై మూడేళ్ళు బతికింది. ఆవిడ మేనకోడలు ఫియోనా నా నంబరు ఎక్కడో సంపాదించి ఫోన్ చేసి, "షెడ్డులో నీ పేరు రాసి ఉన్న వస్తువొకటి ఉంది, వచ్చి తీసుకెళ్తావా, లేకపోతే చెత్తలో వేసేస్తాం" అంది. నేనుండేది ఇదే క్రైస్ట్‌చర్చ్‌లో, ఊరికి ఇటు చివర. డ్రైవ్ చేసుకుంటూ వెళ్తే ఇరవై నిమిషాలు. అయినా ఆ వీధిలోకి వెళ్ళి ఎన్నేళ్ళయిందో లెక్క చెప్పలేను. భూకంపంలో మోయ్‌రా ఇంటి చిమ్నీ కూలిపోయింది, ఆ చోట రేకు ముక్క కొట్టి ఉంది. వెనక మేం అద్దెకున్న చిన్న ఇల్లు ఉండాల్సిన చోట ఇప్పుడు రెండు కొత్త ఇళ్ళు, గోడలకి హీట్ పంపులు. ఫియోనా షెడ్డులోంచి న్యూస్‌పేపరు చుట్టి, పైన మోయ్‌రా చేత్తో నా పేరు రాసిన పొడవాటి పొట్లం ఒకటి తెచ్చి చేతుల్లో పెట్టింది. విప్పకుండానే తెలిసిపోయింది. మూరెడు కట్టె, ఒక కొస మాడి నల్లగా, మొదలు దగ్గర పురికొసతో కట్టిన అట్టముక్క. ఆ అట్ట మీద ఏముందో చెప్పేముందు జరిగింది చెప్పాలి, లేకపోతే దాని మీదున్న ఒక్క వాక్యానికి అర్థం ఉండదు.

నాన్న గుంటూరులో సివిల్ ఇంజనీరు. ఇక్కడ బ్రెడ్డు వ్యాన్ నడిపాడు. ఆయన డిగ్రీ ఇక్కడ చెల్లడానికి ఇంకో రెండు పరీక్షలు రాయాలన్నారు, అవి రాసేవరకూ వ్యాన్ అనుకున్నాడు. తెల్లవారక ముందే వెళ్ళి డైరీలనే వీధి కొట్లకీ స్కూళ్ళకీ బ్రెడ్డు వేసి పదింటికల్లా ఇంటికొచ్చేవాడు. ఆయన స్వెట్టరు ఎప్పుడూ కాల్చిన పిండి వాసనేసేది. నలిగిపోయిన బ్రెడ్డు లోఫులు ఇంటికి తెచ్చుకోనిచ్చేవాళ్ళు, అమ్మ వాటిని తుంచి, ఆవాలూ ఎండుమిరపకాయలూ వేసి ఉప్మా చేసేది. వారంలో నాలుగు రోజులు అదే. నేను మొహం ముడిచేదాన్ని. మధ్యాహ్నం నాన్న వెనక పెరట్లో చిన్న గొడ్డలితో పైన్ కట్టెలు చీల్చి, పెద్దవి అడుగున, సన్న పుల్లలు పైన, మధ్యలో గాలి ఆడేట్టు గోడవారన పేర్చేవాడు. ఆ పేర్పు చూసి మోయ్‌రా అబ్బురపడేది. "కట్టడాలు కట్టాల్సిన చేతులు" అని ఆవిడంటే నాన్న ఇంత పొంగిపోయేవాడు. సాయంత్రం లాగ్ బర్నర్, అంటే ఇల్లు వెచ్చబెట్టే ఇనప కట్టెలపొయ్యి, ఆయనే వెలిగించాలి, ఇంకెవరూ దాని తలుపు ముట్టకూడదు. ఒకే అగ్గిపుల్ల, రెండో పుల్ల గీస్తే ఆయన పరువు పోయినట్టు.

ఆయన పోయింది వ్యాన్‌లోనే. గుండె. రోడ్డు పక్కకి తీసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇండికేటర్ పెట్టి మరీ పోయాడు. బడికెళ్ళే పిల్లలెవరో చూసేదాకా ఆ ఇండికేటర్ కొట్టుకుంటూనే ఉందట. పోలీసాయన ఆ సంగతి ఎందుకో మెచ్చుకోలుగా చెప్పాడు, ఎవరికీ ఇబ్బంది కలగకుండా పోయాడన్నట్టు. నాకు ఆ రోజు నుంచీ కారులో ఇండికేటర్ టిక్కుటిక్కుమంటే చెయ్యి చల్లబడుతుంది, ఇప్పటికీ.

అప్పట్లో ఈ ఊళ్ళో తెలుగువాళ్ళు నాలుగు కుటుంబాలు. గుడి లేదు, పంతులు లేడు. నాలుగిళ్ళకీ పెద్దదిక్కు ప్రసాద్ అంకుల్, హాస్పిటల్లో పని. మంచివాడే, ఆయన్ని ఒక్క మాటా అనలేను. అన్నీ దగ్గరుండి చూసుకున్నాడు. క్రెమటోరియంలో పెట్టె ముందుకి తెచ్చాక, సూటు వేసుకున్న ఒకాయన గోడకున్న చిన్న బటన్ చూపించి, "కుటుంబంలో ఎవరైనా నొక్కుతారా?" అనడిగాడు. నేను లేచాను. అంకుల్ నా భుజం మీద చెయ్యేసి మెల్లిగా కూర్చోబెట్టాడు. "వద్దు తల్లీ. ఆడపిల్లవి. కొడుకు లేని లోటు నేను తీరుస్తాలే" అన్నాడు. ఆయనే లేచి నొక్కాడు. తెర మూసుకుంది. వెనక ఏదో మోటారు చప్పుడు. అంతే. బయటికొచ్చాక ఎవరో అందరికీ టీ, సాండ్‌విచ్‌లు ఇచ్చారు. అదే కంపెనీ బ్రెడ్డు. అమ్మ దాన్ని చూసి పక్కకెళ్ళి వాంతి చేసుకుంది.

ఇంటికొచ్చి ఆవిడ ఇండియాకి ఉత్తరాలు రాసింది. అమ్మ ఏ కాగితం మీద ఏం రాసినా పైన శ్రీ పెట్టకుండా మొదలుపెట్టేది కాదు. ఉప్పు, పప్పు, సబ్బులు అని సరుకుల చీటీ రాసినా శ్రీ, నా స్కూలు ఫారం నింపినా ఓ మూల శ్రీ. మా టీచరు ఒకసారి అదేం బొమ్మని అడిగింది. ఆ రోజు ఉత్తరాల మీద మాత్రం పైన ఏమీ లేదు. తెల్లకాగితం అలా బోడిగా ఉంది. ఎందుకమ్మా అంటే, "సావు కబురు మీద శ్రీ పెట్టరే. అట్టా బోడిగా చూడంగానే వాళ్ళకి తెలిసిపోద్ది" అంది. ఉత్తరం చదవకముందే మా మేనమామ ఏడవడం మొదలుపెట్టాడని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత లాగ్ బర్నర్ ఎవరూ వెలిగించలేదు. మన దగ్గర ఎండలు మండే ఏప్రిల్ వచ్చేసరికి పొద్దున గడ్డి మీద మంచు పేరుకుంటుంది ఇక్కడ. కార్పెట్టు చెమ్మ వాసన, గోడల మీద నల్లటి బూజు, మేమిద్దరం కోట్లు వేసుకుని దుప్పట్లో ఒకరికొకరం ఆనుకుని కూర్చునేవాళ్ళం. నాన్న పేర్చిన కట్టెలు పేర్చినట్టే ఉన్నాయి. నేను వెలిగిస్తానంటే అమ్మ ఒప్పుకునేది కాదు. "మీ నాన్నకి నిప్పు ముట్టలేదే. ఆయనకి లేని నిప్పు మనకెందుకు?" అనేది. కరెంటుతో బూడిద చేశారు, గ్యాసుతో చేశారు, ఎట్టా చేసినా అది తలకొరివి కాదని ఆవిడ లెక్క. పెట్టాల్సినవాళ్ళు పెట్టలేదు, ఆయన వెళ్ళాల్సిన చోటికి వెళ్ళలేదు, ఆ వ్యాన్‌లోనే కూర్చునున్నాడు అనేది. నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండేది. పెట్టాల్సిందాన్ని నేనిక్కడే ఉన్నాను కదా, లేచి నిలబడ్డాను కూడా కదా! పదమూడేళ్ళ పిల్లకి అంత కోపం ఉంటుందని ఇప్పుడు ఎవరైనా చెబితే నమ్మకపోదును, కానీ ఉంది, ప్రసాద్ అంకుల్ చెయ్యి బరువు నా భుజం మీద అలాగే ఉంది.

మా చిమ్నీలోంచి పొగ రాకపోవడం చూసి మోయ్‌రా ఆ రోజు కంచె దగ్గరికొచ్చింది. ఆవిడ తాతముత్తాతలు ఐర్లండు నుంచి గొర్రెలు కాయడానికి వచ్చినవాళ్ళు. నడివయసులో చర్చి మానేసి, వాళ్ళ నాయనమ్మ పాటించిన పాత పండగలు పట్టుకుంది. ఆవిడలాంటివాళ్ళు ఊళ్ళో ఓ ఎనిమిదిమంది, వాళ్ళలో రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఒకడు, నర్సులు ఇద్దరు నాకు గుర్తు. ఏడాదికి నాలుగైదుసార్లు వీధి చివరున్న ఆవిడ గొర్రెల పొలంలో నెగడు వేసి చుట్టూ నిలబడేవాళ్ళు. నాన్న బతికుండగా ఆ నెగళ్ళు చూసి "మన భోగిమంటే, కాకపోతే వీళ్ళకి పిడకలు లేవు" అని నవ్వేవాడు. ఆవిడ వంటింట్లో ఎప్పుడూ మైనం, మటన్ కొవ్వు, తడిసిన కుక్క కలిసిన వాసన. మోయ్‌రా ఆంటీ అంటే ఊరుకునేది కాదు, "నేను నీ ఆంటీని కాను, మోయ్‌రాని" అనేది.

సావిన్ అంటే వాళ్ళకి వేసవి పంటలు అయిపోయి చీకటి కాలం మొదలయ్యే పండగ. ఆ సాయంత్రం ఊళ్ళో అందరూ పొయ్యిలు ఆర్పేసి, ఒకే పెద్ద మంట వెలిగించి, దాన్నుంచి నిప్పు తీసుకెళ్ళి మళ్ళీ వెలిగించుకునేవాళ్ళట. "మీ పొయ్యి ఎలాగూ ఆరే ఉందిగా" అంది మోయ్‌రా. పోయినవాళ్ళ పేర్లు పైకి చెప్తారు. కట్టెల చుట్టూ మూడుసార్లు తిరుగుతారు. అందరికంటే చిన్నవాళ్ళు కొరివితో అంటిస్తారు, ఈసారి చిన్నదానివి నువ్వే అంది. ఇదంతా నేను కంచె పక్కన నిలబడి అమ్మకి తెలుగులో చెప్పాను. అమ్మ ఒక్కొక్క మాటకీ ఆగి అడిగింది. "ఎటు తిరుగుతారంట? కుడికా, ఎడమకా?" నేను మోయ్‌రాని అడిగాను. ఆవిడ ఆకాశం చూపించి, "ఇక్కడ సూర్యుడు తూర్పున లేచి ఉత్తరం మీదుగా పోతాడు. ఆయన వెంట నడవాలంటే ఎడమకే తిరగాలి. పుస్తకాల్లో కుడికని ఉంటుంది, అవి భూమికి ఆ పై సగంలో ఉండేవాళ్ళ పుస్తకాలు" అంది. నేను సూర్యుడి సంగతి వదిలేసి, "ఎడమకేనట" అన్నాను. అమ్మ మొహం మారిపోయింది. గుడికైతే కుడిచేతి వైపు తిరుగుతాం. ఎడమకి తిరిగేది ఒక్క చోటే.

ఇంకొకటి కూడా నేను చెప్పకుండా వదిలేశాను, ఇది మరిచిపోయి వదిలింది కాదు. సావిన్ నాడు పోయినవాళ్ళు ఇళ్ళకి వస్తారు, వాళ్ళకోసం తలుపు తీసి పెట్టి, కంచంలో అన్నం పెడతాం అంది మోయ్‌రా. అది చెబితే అమ్మ గడప దాటదని నాకు తెలుసు. అందుకని "పోయినవాళ్ళని పంపించే పండగంట" అన్నాను. వస్తారన్నదాన్ని పంపిస్తారని తిప్పేశాను. నాకు ఆ కొరివి కావాలి. అంతే. దానికోసం ఏమైనా చెప్పేదాన్ని.

శనివారం సాయంత్రం పొద్దు వాలుతుండగా వెళ్ళాం. అమ్మ తెల్లచీర మీద నాన్న కోటు వేసుకుంది, భుజాన గుడ్డసంచి. కట్టెలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి, వాటిలో సగం నాన్న చీల్చినవే, మోయ్‌రా అడిగితే మేమే ఇచ్చాం. ఒక్కొక్కళ్ళూ పేర్లు చెప్పారు. ఒకడు వాళ్ళ అమ్మ పేరు, ఇంకొకామె పుట్టి పోయిన బిడ్డ పేరు. మా వంతు వచ్చింది. అమ్మ ఏనాడూ మొగుడి పేరు నోటితో పలికిన మనిషి కాదు. నన్ను మోచేత్తో పొడిచింది. "సుబ్బారావు" అన్నాను. నాకే వినపడనంత మెల్లిగా. "మళ్ళీ సెప్పు. ఆయనకి ఇనపడాల" అంది అమ్మ. గట్టిగా అరిచాను. గొర్రెలు బెదిరి కంచె వైపు పరిగెత్తాయి.

అప్పుడు అమ్మ సంచిలోంచి పాలసీసా తీసింది. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా, నిండా నీళ్ళు. దాన్ని నా ఎడమ భుజం మీద పెట్టి, "జారనీమాక" అంది. ఇంకో చేత్తో కూరగాయల కత్తి తీసింది. ఇవన్నీ ఆవిడ ఇంట్లోనే సిద్ధం చేసుకుందని అప్పుడుగానీ తెలియలేదు. ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు కదా, ఆవిడకి ఈ తతంగమంతా ఎలా తెలుసని అనుకునేదాన్ని. వాళ్ళ పుట్టింటి డాబా మీంచి వాగొడ్డు కనపడేదట, చిన్నప్పుడు పిట్టగోడ సందులోంచి చూసేదట. మోయ్‌రా వాళ్ళు సూర్యుడి వెంట నడవడం మొదలుపెట్టారు, మంట పెట్టాల్సిన కట్టెలు మా ఎడమచేతి వైపు. వాళ్ళ వెనకే నేను, నా వెనకే అమ్మ. ఒక చుట్టు తిరగగానే అమ్మ కత్తితో సీసాకి చిల్లు పొడిచింది. నీళ్ళు నా వీపు మీదుగా కారాయి, మంచులాంటి నీళ్ళు. రెండో చుట్టుకి ఇంకో చిల్లు. మూడో చుట్టుకి ఇంకొకటి. "ఎనక్కి పారెయ్. చూడమాక" అంది. పారేశాను. మట్టికుండ అయితే పగిలేది, అది దబ్బున పడి గడ్డిలో దొర్లింది. మోయ్‌రా వాళ్ళు ఆగి మమ్మల్ని చూస్తున్నారు. మాదీ ఏదో పాత పద్ధతని గౌరవంగా నిలబడ్డారు.

"సౌత్ ఎక్కడ?" అనడిగింది అమ్మ, తనకొచ్చిన ఇంగ్లీషులో. మోయ్‌రా చెయ్యెత్తి చూపించింది. దక్షిణం వైపు తల. అమ్మ నన్ను భుజాలు పట్టుకుని అక్కడికి నడిపించి, కట్టెలకి వీపు పెట్టి నిలబెట్టింది. మోయ్‌రా లాంతరు నుంచి అంటించిన కొరివి నా చేతికిచ్చింది. చెయ్యి వెనక్కి పెట్టి, చూడకుండా, నాన్న చీల్చిన పుల్లల్లోకి దోపాను. ఒక్కసారికే అంటుకుంది. వీపంతా వెచ్చబడింది. నాన్న అయితే ఎంత మురిసిపోయేవాడో అనుకున్నాను, రెండో పుల్ల గీయలేదని. అప్పటిదాకా ఏడవని అమ్మ అప్పుడు ఏడ్చింది. నోటికి నాన్న కోటు చెయ్యి అడ్డం పెట్టుకుని, నేల మీద కూలబడి. నాకు ఏడుపు రాలేదు. నేను పెట్టాను, నేనే పెట్టాను అని పళ్ళు బిగించుకుని నిలబడ్డాను. నా బతుకులో అంత గర్వపడిన రోజు ఇంకోటి లేదు, నవ్వినా నవ్వండి.

కొరివి కొస మంటలోంచి లాగి ఆర్పి దాచడం వాళ్ళ ఆనవాయితీ. మోయ్‌రా దానికి పురికొసతో ఒక అట్టముక్క కట్టి, ఏమైనా రాయమని పెన్ను అమ్మ చేతికిచ్చింది. అమ్మ అటు తిరిగి కూర్చుని చాలాసేపు రాసింది. నాకు చూపించలేదు. నేను అడగలేదు, మంట చూస్తున్నాను. తర్వాత మోయ్‌రా ఇనప బకెట్లో నిప్పులు వేసి, మా లాగ్ బర్నర్ వెలిగించుకోమని ఇవ్వబోతే అమ్మ రెండడుగులు వెనక్కేసింది. కాటి నిప్పు ఇంట్లోకి ఎలా తెస్తుంది? వద్దని చేతులూపి, నన్ను లాక్కుని వచ్చేసింది. వెనక్కి చూడమాక, చూడమాక అంటూనే ఉంది దారంతా.

ఇంటి ముందు తోట కుళాయి దగ్గర ఆపింది. తల మీంచి స్నానం చేయకుండా గడప తొక్కకూడదు. హోస్ పైపు విప్పి నా నెత్తిన పెట్టింది. ఆ చలిలో, ఆ నీళ్ళు! అరిచానో లేదో గుర్తులేదు కానీ, బకెట్టు పట్టుకుని వెనకే వచ్చిన మోయ్‌రా మాత్రం అరిచింది. పిల్లని చంపుతావా అని పైపు లాక్కోబోయింది. అమ్మ తడిసిన చీరతో నాకు అడ్డం నిలబడి, "నో టచ్! నో టచ్!" అంది. ఇద్దరూ ఆ పైపు పట్టుకుని పెనుగులాడారు, నేను మధ్యలో వణుకుతూ ఎవరికి ఏం చెప్పాలో తెలియక నిలబడ్డాను. రెండు భాషలూ వచ్చింది నాకొక్కదానికే. ఒక్క మాట చెబితే సరిపోయేది.

తెల్లారేసరికి జ్వరం. మోయ్‌రా కోపం దిగి సూప్ తెచ్చింది. మంచం పక్కన కూర్చుని, మీ నాన్న రాత్రి వచ్చే ఉంటాడు, మేమందరం తలుపులు తీసే పెట్టాం అంది నన్ను ఓదార్చడానికి. ఆ మాటల్లో 'కమ్ హోమ్' అన్నది అమ్మకి అర్థమైంది. "ఏమంటందే? ఆయన వచ్చాడంటందా?" నాకు జ్వరంలో అబద్ధం అల్లే ఓపిక లేక ఉన్నదంతా చెప్పేశాను. "పంపేదన్నావు కదే. పిలిచేదా? నీ సేత పిలిపించానా?" అంది అమ్మ. తర్వాత నా నుదురు మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం పది రోజులు ఉంది. ఆ పది రోజులూ ఆవిడ పడుకోలేదు. నాన్న నన్ను తీసుకెళ్ళడానికి వచ్చాడని, పిలిచింది తనేనని అనుకుందని నాకు చాలా ఏళ్ళకి గానీ తట్టలేదు.

మూడోరోజు ప్రసాద్ అంకుల్ చూడ్డానికొచ్చాడు. నేను దిండు మీంచి తలెత్తి, "అంకుల్, మోయ్‌రా వాళ్ళ మంట దగ్గర నాన్నకి నేనే పెట్టాను తలకొరివి" అన్నాను. ఆయన తెల్లబోయాడు. "ఏంటమ్మా చెల్లెమ్మా ఇది? నేను నొక్కాను కదా, అది లెక్కలోకి రాదా? ఎవరో దెయ్యాల పూజలు చేసుకునేవాళ్ళ మంట దగ్గర ఆడపిల్ల చేత..." అమ్మ మధ్యలోనే అందుకుంది. "అయ్యో, అదేం లేదన్నయ్యా. పిల్ల జరంలో పేలతంది. నిప్పు మీరే పెట్టారు. అక్కడేం జరగలా." నా వైపు చూడకుండా అంది. లేచి లాగ్ బర్నర్ తలుపు తీసి, న్యూస్‌పేపరు ఉండచుట్టి అగ్గిపుల్ల గీసింది. నాలుగు పుల్లలు పట్టాయి.

అక్కడేం జరగలా. ఆ మాట నేను ముప్పై ఏళ్ళు మోశాను. ఏటా తద్దినానికి, కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు అడిగినప్పుడల్లా, "ప్రసాదన్నయ్య సొంత తమ్ముడికి చేసినట్టు చేశాడమ్మా" అని అమ్మ చెప్తుంటే వంటింట్లో గిన్నెలు గట్టిగా పడేసేదాన్ని. ఆ ఏడాదే మేం ఇల్లు మారాం. మోయ్‌రా మాట ఇంట్లో ఎత్తేది లేదు. ఆరేళ్ళ కిందట అమ్మ హాస్పిటల్లో చివరి రోజుల్లో ఉన్నప్పుడు, ఈ దేశంలోనే ఉత్తరాన ఆల్బనీలో ఉండే మా మేనమామ కొడుకు కిరణ్‌ని పిలిపించమంది. "వాడు చేస్తాడు. నువ్వొద్దు." నేనెందుకు వద్దని అడిగాను, అడగకుండా ఉండాల్సింది. కళ్ళు మూసుకునే, "నీకొకసారి సాలు" అంది. నాకది తిట్టులా వినపడింది. ఒకసారి చేసిన నిర్వాకం చాలన్నట్టు. కిరణ్ విమానంలో వచ్చి, అదే గోడకి అదే బటన్ నొక్కి, సాయంత్రం ఫ్లైటుకి వెళ్ళిపోయాడు. నేను ముందు వరసలో కూర్చున్నాను. ఈసారి లేవలేదు.

ఫియోనా షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తుండగా పేపరు విప్పి అట్టముక్క తిప్పాను. అమ్మ అక్షరాలే. "మా ఆయనకి తలకొరివి మా అమ్మాయి పెట్టింది." అంతే ఉంది. అయితే అక్షరాలు మరీ లావుగా ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే, వెలిసిపోయిన నీలం గీత మీద నల్ల గీత, నల్ల గీత మీద మళ్ళీ నీలం, ఆపైన వంకరటింకరగా వణికిన గీత ఇంకొకటి. ఆ వణుకు నాకు తెలుసు, అది ఆవిడ ఆఖరి రెండేళ్ళ చేతిరాత. "మీ అమ్మ అప్పుడప్పుడు బస్సెక్కి వచ్చేదట" అంది ఫియోనా. "ఆంటీ చెప్పింది. ఏమీ మాట్లాడేది కాదట, షెడ్డులోకి వెళ్ళి పెన్ను అడిగేదట. టీ ఇస్తే తాగకుండా వెళ్ళిపోయేదట." ఎప్పుడొచ్చేదమ్మా, ఏ బస్సెక్కి, నాకు ఏమని చెప్పి? గుడికన్నావు, ఇండియన్ షాపుకన్నావు, నేను సరే అన్నాను. సీసా నీళ్ళు వీపు మీద కారుతున్నట్టే అనిపించింది అక్కడ నిలబడితే. ఆ అట్టముక్కకి పైన ఖాళీ బోలెడుంది, అయినా పైన ఏమీ రాయలేదు. నాలుగుసార్లు రాసింది కదా, నాలుగుసార్లూ శ్రీ పెట్టలేదు.

"ఏమని ఉంది?" అనడిగింది ఫియోనా. తలకొరివికి ఇంగ్లీషు మాట నాకు ఇప్పటికీ దొరకలేదు. "మా నాన్నకి నిప్పు పెట్టింది నేనని రాసింది" అన్నాను, ఉన్నదున్నట్టు. ఆమె మొహం పాలిపోయింది, ఏమనుకుందో తెలుస్తూనే ఉంది. నేను సర్దిచెప్పలేదు.

కట్టె ఇప్పుడు గ్యారేజీలో, పాత టైర్ల పక్కన ఉంది. మా ఇంట్లో నిప్పు అనేదే లేదు, పొయ్యి కూడా కరెంటుదే, దీన్ని పెట్టడానికి చోటెక్కడ? లోపలికి మాత్రం తేలేదు. ఆ రోజు ఇంటికొచ్చి, వాకిట్లో కుళాయి విప్పి, తల మీంచి నీళ్ళు పోసుకున్నాకే గడప తొక్కాను.